వేడి చేతుల ఆదివారం

మార్చి 3, ఆదివారం

నీ ఒంట్లో ఏం దాక్కుని ఉందో నీకు తెలుసా? ఉదయం మా ముందుగదిలో జరిగిన సభలో ఇలాగే గర్జించాను. ఎవరూ తలెత్తలేదు. గర్జించిన నోట్లో మాత్రం జ్వరం టాబ్లెట్ చేదు. బోధకుడే మంచమెక్కితే మందకు ధైర్యం ఎవరు చెబుతారని లేచాను.

తలల మీద చేతులుంచి ప్రార్థించాను. చివర్లో అక్క మోకరించింది. "తమ్ముడూ, నీ చేతుల్లో ఇవాళ నిప్పుందిరా," అని కళ్లు తుడుచుకుంది. అందరూ స్తోత్రం అన్నారు. నేను కాదనలేదు.

మార్చి 4, సాయంత్రం

నా కూతురిది ల్యాబ్ ఉద్యోగం. థర్మామీటర్ చూసి, నిన్న ఎవరెవరిని ముట్టుకున్నావని నిలదీసింది. మీ అత్తను కూడా, అన్నాను. తల పట్టుకుని, ఒంట్లో కాపలా ఎలా సాగుతుందో చెప్పింది.

ప్రతి కణం తన లోపల తయారయ్యేవాటి ముక్కల్ని గుమ్మంలో పెడుతూ ఉంటుందట. వైరస్ దూరితే దాని ముక్కా గుమ్మంలోకి వస్తుంది. టి-సెల్స్ అనే కాపలావాళ్లు గుమ్మం గుమ్మం తడుముతూ తిరుగుతారు. తమకు తెలిసిన శత్రువు ముక్క తగిలిందా, ఆ ఇంటిని అక్కడికక్కడే కూల్చేస్తారు. పక్కిళ్లు బతుకుతాయి. కొన్ని వైరస్‌లు గుమ్మాన్నే ఖాళీ చేయిస్తాయి. అప్పుడు వేరే కాపలావాళ్లు దిగుతారు. వాళ్లకు బోసి గుమ్మమే అనుమానం.

ఐగుప్తులో గొర్రెపిల్ల నెత్తురు పూసిన గుమ్మాలను సంహారదూత చంపకుండా దాటిపోయాడని ముప్పై ఏళ్లుగా బోధిస్తున్నాను. ఇక్కడ గుర్తున్న ఇంటికే చావు. పక్కిళ్లు బతకాలని ఆ ఇల్లే చావును పిలుస్తుంది.

మరి అక్క? కిడ్నీ మార్చాక, అది పరాయిదని కూల్చేయకుండా ఆమె కాపలావాళ్లను మందులతో మగతలో ఉంచారు. అత్త కణాలు గుమ్మంలో ఎంత పెట్టినా చూసేవాళ్లేరీ నాన్నా, అంది.

మార్చి 5

అక్క నంబర్ నొక్కి ఆపేశాను. నిప్పు కాదని తెలిస్తే నా మాట ఇంకెవరు వింటారు?

మార్చి 7

బావ ఫోన్. అక్కకు జ్వరం. ఆదివారం తమ్ముడు చేతులు పెడితే పోతుందని ఆసుపత్రికి రానంటోందట. నా మాట ఏనాడు విని చచ్చింది గనక, అని నవ్వాడు.

"నా చేతుల్లోది నిప్పు కాదు బావా. జ్వరం. నాకు ఆ రోజే తెలుసు."

అటు కారు తాళాలు వెతుకుతున్న చప్పుడు.

మార్చి 8

అక్క ఐసీయూలో ఉంది. కాపలావాళ్లను లేపడానికి మందులు తగ్గించారు. లేస్తే కిడ్నీనీ గుర్తుపడతారేమోనని డాక్టర్ భయం. ఏమని ప్రార్థించాలి? లేవమనా, పడుకోమనా?

కుష్ఠు సోకినవాడు అపవిత్రుణ్ణి, అపవిత్రుణ్ణి అని తానే కేకవేసుకుంటూ పోవాలన్న అధ్యాయం తెరిచాను. మరీ కఠినమని ఇన్నాళ్లూ దాటేసిన అధ్యాయం. కంటికి కనబడని కణం చేసే పని నేను చేయలేదు.

మార్చి 10, ఆదివారం

అక్క కళ్లు తెరవలేదు. వీధి మలుపులో పాట వినిపిస్తోంది, సభవాళ్లు వస్తున్నారు. తలుపు మీద బొగ్గుతో రాశాను: లోపల జ్వరం. రావద్దు. నేను ముట్టినవాళ్లు డాక్టర్ దగ్గరికి పొండి.

ఒళ్లు కాలుతున్నవాడా, లే. నీ ఒంట్లో దాక్కున్నదాన్ని నీ గుమ్మంలో పెట్టు. ఇవాళే. వాళ్లు మెట్లెక్కకముందే.