చేదు లేని బెరడు

డిసెంబర్ 11

నర్సరీలో నలభై ఆపిల్ మొక్కలు పోయాయి. కుందేళ్లు కాండం చుట్టూ బెరడు గీకి తినేశాయి. అలా చుట్టూ బెరడు పోయిన మొక్క ఇక బతకదు. కంటికి రెప్పలా పెంచాను వాటిని. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

సాయంత్రం

ఎవరి తప్పని ఓనరు అడిగారు. గేటు ఓరగా తెరిచి ఉండటం చూశానన్నాను. చూడలేదు. నోటికొచ్చింది, అనేశాను. కావలి తాత గేటు వేశానని మొత్తుకున్నాడు. ఓనరు వినలేదు, తాతని నెలాఖరుకి మానేయమన్నారు.

డిసెంబర్ 12

కుందేళ్లు ఏటా వస్తాయి, మరి ఇన్నేళ్లూ బెరడు ఎందుకు తినలేదో నన్ను అడగమన్నాడట తాత. స్వీపరమ్మ చెప్పింది. వినిపించుకోనట్టు ఫైలు తిరగేశాను.

డిసెంబర్ 15

రాత్రి మంచు పడింది. పొద్దున్న చూస్తే అందులో కుందేళ్ల అడుగులు అచ్చుగుద్దినట్టున్నాయి. గేటు వైపు ఒక్కటీ లేదు. వెనక కంచె కింద నుంచి దూరి, బక్క మొక్కల వరసలో ఒక్కో గాటు పెట్టి, వదిలేసి, నేరుగా నా వరసలకే వచ్చాయి. నన్నే వెతుక్కుంటూ వచ్చినట్టు!

ఆ బక్కవాటికి నేను ఎరువు వేయలేదు. స్టాక్ అయిపోయింది, వేసినా దండగనుకున్నాను.

రెండు రకాల బెరడూ నమిలి చూశాను. బక్కదాని బెరడు చేదు విషం. నా మొక్కది చప్పగా, కాస్త తియ్యగా కూడా ఉంది.

డిసెంబర్ 16

చెల్లికి ఫోన్ చేశాను. ల్యాబ్‌లో దాని పనంతా చెట్ల రసాయనాలతోనే. ఎరువెంత వేశావంది. మామూలుకి మూడింతలు అన్నాను. పగలబడి నవ్వింది. చలికాలంలో గడ్డి దొరక్క జంతువులు బెరడు మీద పడతాయట. అందుకే మొక్క బెరడులో చేదు దాచుకుంటుందట. ఎరువు దండిగా అందితే ఏపుగా ఎదగడం మీదే ధ్యాస పెట్టి, ఆ చేదు తగ్గించుకునే మొక్కలు ఉన్నాయట. గారాబం చేసి చెడగొట్టావే అక్కా అంది.

నాకు నవ్వు రాలేదు.

డిసెంబర్ 19

మూడు రోజులుగా ఓనరు గది తలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను. సూపర్‌వైజర్‌ని చేసి ఐదు నెలలే అయింది. పరువు పోతుందని భయం. తాత మాత్రం రోజూ టైముకి వస్తున్నాడు.

డిసెంబర్ 23, ఉదయం పదింటికి

చెప్పేశాను. ఎరువు, గేటు, అబద్ధం, అన్నీ. తాత పనిలోనే ఉంటాడు, ఆ మాట మీరే వెళ్లి చెప్పండి అన్నారు ఓనరు. నా సంగతి తర్వాత చూస్తారట.

వెళ్లాను. తాత చేతులు పట్టుకుని తప్పు నాదేనన్నాను. సరేనని తలూపి, కంచె బాగుచేయడానికి వెళ్లిపోయాడు. గుండె తేలికపడింది.

జనవరి 2

తాత గేటు తీసి, గుడ్ మార్నింగ్ మేడం అన్నాడు. నేనిక్కడ చేరిన రోజు నుంచీ మనవరాలా అనేవాడు.