పదకొండు వారాలు తినని పాము

పోర్ట్‌లీష్,
ఆదివారం, మధ్యాహ్నం.

శారదక్కకి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. నువ్వూ, బావగారూ, మీ అత్తయ్యగారూ, మా లాస్యా అక్కడ క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. అందరికంటే లాస్యే ఎక్కువ క్షేమంగా ఉన్నట్టుంది. కన్నతల్లి సంతోషించాల్సిన మాటే కదా, సంతోషిస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు.

నువ్వడిగిన సంగతి నాలుగుసార్లు చదివాను. "లాస్య నా చేత్తో తప్ప ముద్ద ముట్టడం లేదే. ఇప్పుడిప్పుడే కుదురుకుంది. ఒకటో క్లాసు అయ్యేదాకా దాన్ని మా దగ్గరే ఉంచెయ్. మీ ఆయన కూడా సరేనన్నాడు" అని రాశావు. జవాబు ఈ ఉత్తరంలోనే ఇస్తాను. ముందు రోజీ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా జవాబు రాస్తే నీకు నా మొండితనమే కనిపిస్తుంది.

రోజీ అంటే పాము. భయపడకు, విషం లేనిది. కొండచిలువల్లో చిన్న రకం, మూడడుగులుంటుంది. ఈ దేశంలో పాములే లేవని గొప్పగా చెప్పుకుంటారు. ఉన్న ఒక్కటీ నా గది పక్కనే ఉంది.

ఆస్పత్రి వాళ్ల క్వార్టర్స్‌లో గడువు అయిపోయాక గది కోసం ఎంత తిరిగానో నీకు రాశాను కదా. ఊరు చుట్టూ ఎటు చూసినా కొత్త ఇళ్లు కడుతున్నారు, ఉండడానికి మాత్రం ఒక్క గది దొరకదు. చివరికి నోరీన్ అనే ఆవిడ ఇంట్లో దొరికింది. భర్త పోయిన మనిషి, అరవై దాటాయి. పేరు పెట్టి పిలవమంటుంది, అమ్మ వయసు మనిషిని అలా పిలవడానికి నాకు నెల పట్టింది. ఆవిడ కొడుకు డెక్లన్ ఏడాది పాటు ఆస్ట్రేలియా చూసొస్తానని వెళుతూ తన పాముని తల్లికి అప్పజెప్పి పోయాడు. ఆవిడకేమో దాన్ని చూస్తేనే వణుకు. గది చూడ్డానికి వెళ్లిన రోజే, "ఇండియా నుంచి వచ్చావుగా, నీకు పాములు అలవాటే అయ్యుంటాయి" అంది. గుడివాడలో మన వీధిలో పాము కనిపిస్తే అందరికంటే ముందు మంచమెక్కింది నేనేనని ఆవిడకేం తెలుసు? గది పోతుందేమోనని "యెస్" అన్నాను. అలా పాము నా నెత్తిన పడింది.

డెక్లన్ దానికి బతికున్న ఎలుకల్ని వేసేవాడట. నోరీన్ తన ఇంట్లో బతికున్న ఎలుక కనిపించడానికి వీల్లేదంది. డబ్లిన్ నుంచి చంపి గడ్డకట్టించిన తెల్ల ఎలుకల ప్యాకెట్ తెప్పించింది. ఫ్రీజర్లో బఠాణీల సంచి పక్కన అవి, వాటి కింద నేను ఆదివారం వండి వారమంతటికీ దాచుకునే పప్పుచారు డబ్బాలు. మొదట్లో ఫ్రీజర్ తలుపు తీసి, డబ్బా ముట్టకుండానే మళ్లీ మూసేసేదాన్ని. ఇప్పుడు ఎలుకల్ని పక్కకి జరిపి నా డబ్బా నేను తీసుకుంటున్నాను. మనిషి దేనికైనా అలవాటు పడుతుందక్కా. పాము పడలేదు.

ప్రతి శనివారం ఒకటే తంతు. పొద్దున ఒక ఎలుకని ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. సాయంత్రం దాన్ని కవర్లో చుట్టి వేణ్ణీళ్లలో ఉంచాలి. బతికున్నదాని ఒంటివేడి ఎంతుంటుందో అంత వెచ్చబడాలి. నేను మణికట్టు లోపలి వైపు ఆనించి చూసేదాన్ని. లాస్య పాలసీసా చుక్క వేసి చూసుకునే చోటు అదే. మొదటిసారి అలా చూశాక కాసేపు కుర్చీలో కూర్చుండిపోయాను. తర్వాత లేచి, పొడుగు పటకారుతో ఎలుక తోక పట్టుకుని రోజీ ముందు ఆడించాను. అది ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, తల చుట్టల్లో దాచుకుంది. తీసి చెత్తబుట్టలో పడేశాను.

రెండో వారం అంతే. ఐదో వారం అంతే. పెట్టె చుట్టూ దుప్పటి కప్పి చీకటి చేశాను. వేణ్ణీళ్ల ట్యాంకు ఉండే అలమరని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు, దాని పక్కకి పెట్టె మార్చాను. నర్సుని కదా, వారం వారం తూకం వేసి కాగితం మీద రాసేదాన్ని. తగ్గుతూ వచ్చింది. వార్డులో పళ్లు లేని ముసలమ్మలకి, నోరు తెరవనని పంతం పట్టిన తాతలకి చెంచా చెంచా తినిపిస్తాను. "నీ చెయ్యి మంచిది" అని సిస్టర్లు కూడా అంటారు. ఇంటికొస్తే పాము తినదు. ఫోన్ చేస్తే నా కూతురు నువ్వు పెడితే తప్ప తినదని నువ్వు చెబుతావు. నీ గొంతులో సంతోషం నాకు తెలుస్తుందక్కా. దాచుకున్నా తెలుస్తుంది.

నోరీన్‌కి బెంగ పట్టుకుంది. "వాడొచ్చేసరికి ఇది చచ్చిపోతే వాడు నా మొహం చూడడు" అని రోజూ అనేది. పశువుల డాక్టరుకి చూపిస్తే రోగమేమీ లేదన్నాడు. "నువ్వు పెడుతున్నది తిండేనని దానికి తెలియడం లేదు, అంతే" అన్నాడు.

ఆ మాటతో నాకు మన గేదె గుర్తొచ్చింది. పదిరోజుల దూడ చచ్చిపోతే గేదె పాలు చేపడం మానేసింది, నీకు జ్ఞాపకముందా? నాన్న ఆ దూడ తోలు ఒలిపించి లోపల గడ్డి కూరించాడు. దాన్ని గేదె పక్కన నిలబెట్టి పట్టుకోవాలి. నాకు ఆరేళ్లు, గడ్డివాము వెనక్కి పోయి ఏడ్చాను. నీకు పన్నెండు. నువ్వు ఏడవలేదు. "పాలు కావాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలిగా" అని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డావు. గేదె వాసన చూసింది, నాకింది, చేపింది. ఆ పాలు మనమే తాగాం.

మర్నాడు డ్యూటీ దిగి, ఊళ్లో కుందేళ్లూ తెల్ల ఎలుకలూ అమ్మే కొట్టుకి వెళ్లాను. ఎలుకల గూట్లో అడుగున పరిచి, అవి పాడుచేసిన చెక్కపొట్టు ఓ గుప్పెడు ఇమ్మన్నాను. కొట్టావిడ నన్ను ఎగాదిగా చూసి, సంచిలో వేసి ఇచ్చింది. శనివారం ఎలుకని వెచ్చబెట్టి, తుడిచి, ఆ పొట్టులో దొర్లించాను. కంపు చెప్పలేను. పెట్టెలో పెట్టాను. రోజీ నాలుక ఆడించింది. తల కొంచెం బయటికి తీసింది. మళ్లీ ఆడించింది. అంతే, ఒక్క ఉదుటున పట్టుకుని చుట్టేసింది. చచ్చిన ఎలుకని మళ్లీ చంపుతున్నట్టు బిగించి, తర్వాత నెమ్మదిగా మింగింది. అది పదకొండో వారం.

నోరీన్ నన్ను వాటేసుకుని ఏడ్చింది. అప్పటికప్పుడు ఆస్ట్రేలియాకి ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక రిసీవర్ మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. "గ్రాండ్, చాలా బాగుంది అన్నాడు. పాము బరువెంతుందని అడిగాడు. ఇంకో ఏడాది ఉంటానన్నాడు. నా మోకాలి ఆపరేషన్ ఎప్పుడని మాత్రం అడగలేదు" అంది. నేను టీ పెట్టి ఇచ్చాను. ఇంకేం చెయ్యను?

సోమవారం నీ ఉత్తరం వచ్చింది. అందులో చివర, ఏదో శుభవార్తలా రాశావు: "నువ్విచ్చిన నీలం చీర వాసనేస్తోందని ఉతికి బీరువాలో పెట్టేశాను. అది లేకపోయినా లాస్య నిద్రపోతోందిలే."

అక్కా, ఆ చీర నేను రెండు రోజులు ఒంటి మీదే ఉంచుకుని, విప్పి, ఉతకొద్దని నీ చేతికిచ్చాను. పద్నాలుగు నెలల కింద. వాసనెయ్యాలనే ఇచ్చాను. నోరీన్ ఇంటి వంటగదిలో నుంచుని నిన్ను తెలుగులో ఏమేం తిట్టానో రాయను. నీ మీద కోపం వచ్చింది, ఇంకా ఉంది. పెద్దమ్మా అని పిలిచే పిల్ల నోట్లో ఆ "పెద్ద" ఎప్పుడు రాలిపోయిందో నువ్వు గమనించలేదంటే నమ్మను. నన్ను "ఫోనమ్మ" అంటుంది. బావగారు అది విని నవ్వారు, ఫోన్లో వినిపించింది.

మా ఆయన సంగతి వేరే. ఏలూరు నుంచి ఆదివారం ఆదివారం మీ ఇంటికొచ్చి, పిల్లని ఓ గంట ఎత్తుకుని, నీ చేతి వంట తిని పోయే మనిషి. రమ్మంటే, "అక్కడికొచ్చి నేనేం చెయ్యాలి? పని చేయనివ్వరుగా. ఇంట్లో కూచుని గిన్నెలు తోమాలా? పిల్ల బానే ఉందిగా ఆడ!" అంటాడు. అందరం బాగానే ఉన్నాం. ఎవరిని అడిగినా బాగానే ఉన్నారు.

కానీ నిన్నొక్కదాన్నీ అని ఏం లాభం? నీకు పిల్లల్లేరు, ఒళ్లోకి వచ్చిన పిల్లని ముద్దు చేశావు. గడ్డి దూడని చేసి పెట్టి వచ్చింది నేను. చీర ఇస్తే సరిపోతుందనుకున్నాను. పాము మోసపోయింది, నా కూతురు మోసపోలేదు. దానికి బతికున్న మనిషి కావాల్సొచ్చింది, నువ్వు దొరికావు.

ఇక జవాబు. ఉంచను. మే నెలలో వస్తున్నాను, టిక్కెట్టు కొన్నాను. లాస్యకి వీసా మంజూరయింది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు నోరీన్ చూసుకుంటానంది. మా ఆయన వస్తే వస్తాడు, లేకపోతే లేదు.

నేను రాగానే అది నా దగ్గరికి రాదు. నీ కుచ్చిళ్లు పట్టుకుని ఏడుస్తుంది. నాకు తెలుసు. దాన్ని నా ఒళ్లోకి తొయ్యొద్దు. చాక్లెట్ ఆశ పెట్టొద్దు. నన్ను మాత్రం వంటగదిలోంచి పొమ్మనకు. నువ్వు అన్నం పెడుతుంటే పక్కన కూర్చుంటాను. కొన్నాళ్లకి కంచం పట్టుకుంటాను. ఆ తర్వాత అన్నం కలుపుతాను. నాది కాని పాము కోసం పదకొండు వారాలు ఆగాను. సెలవు నెల రోజులే, అక్కడ అయినంత అక్కడ, మిగతాది ఇక్కడ.

ఇక్కడ చలి ఇంకా పోలేదు, వాన సరేసరి. నా కోసం కందిపొడి కొట్టి ఉంచు, లాస్య తినే కారంతోనే కొట్టు. పాము ఉందని దాన్ని ముందే భయపెట్టకు. మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు, బావగారికి కూడా. నన్ను దీవించు. కోపంగా ఉన్నా దీవించు.

ఇంకొక్కటి అడగాలి. మేం బయల్దేరే ముందు ఓ రెండు రోజులు కట్టుకుని విప్పిన నీ చీర ఒకటి నాకివ్వు. ఉతక్కుండా ఇవ్వు. కొత్త ఇంట్లో అది నిద్రపోవాలంటే నీ వాసన కావాలి. నేను ఉతకనులే అక్కా.

నీ చెల్లెలు,
విమల