ఏప్రిల్‌లో పీకించిన పన్ను

మచిలీపట్నం
14 ఆగస్టు 1958, గురువారం, రాత్రి

నా ఆరోగ్య విషయాలను పదకొండు అంశాలుగా వ్రాసుకొని పళ్ళ డాక్టరుగారి వద్దకు వెళ్ళాను. కాగితం పైపైన చూసి ఆయన నవ్వారు. "పీకేది ఒక్క పన్నే కదండీ, దానికింత చరిత్రా?" అన్నారు. పట్టకారు చేతిలోకి తీసుకొన్నాక తొమ్మిదవ అంశం వద్ద ఆయన చూపు ఆగింది.

"చిన్నప్పుడు కీళ్ళ జ్వరమా? గుండె దెబ్బతిందన్నారా?"

అన్నారని చెప్పాను. పట్టకారు పళ్ళెంలో పెట్టేశారు.

"ముందు పెన్సిలిన్ ఇంజక్షన్ పడాలండీ. లేకపోతే చిగుళ్ళలో క్రిములు రక్తంలో కలిసి గుండెలో తిష్ఠ వేస్తాయి. ఇక సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం. నెలల తరబడి మనిషికి అనుమానమే రాదు."

ఏప్రిల్‌లో గుడివాడలో ఒక పన్ను పీకించుకొన్నాను. నొప్పి తాళలేక ఆనాడు జాబితా లేకుండానే వెళ్ళాను. అక్కడి డాక్టరుగారు అడగలేదు, నేను చెప్పలేదు, ఇంజక్షను లేదు. ఈ మాట ఈయనతో అనకుండానే కాగితం మడిచి లేచాను.

ఇంటికి వచ్చి ఈ డైరీనే వెనక్కి తిప్పాను. మే నెల నుండి ఏడు చోట్ల నా దస్తూరీతోనే 'సాయంత్రం స్వల్ప జ్వరం' అని ఉన్నది. ప్రతిసారీ పక్కన ఒక కారణం కూడా వ్రాశాను. పెడన దాకా ఎండలో నడక. వానలో తడియుట. నిద్ర చాలకపోవుట.

రేపు ఉదయమే ఈ పుటలు ఆసుపత్రిలో చూపాలి. వారు ఏమంటారో...

ఇందాక మా ఆవిడ సుగుణ నా చెయ్యి పట్టుకొని, "ఇదేంటండీ, ఇంత వేడిగా ఉంది?" అన్నది.

"లాంతరు దగ్గర కూర్చున్నాను కదా" అన్నాను.

ఆ కారణాన్ని మాత్రం ఇక్కడ చేర్చను. ఈ సాయంత్రం కూడా స్వల్ప జ్వరం.