చెంప మీద గొడుగు

మార్చి 24, సోమవారం

పంజాగుట్టలోని మా త్రీడీ స్టూడియోకి స్కాన్లు వచ్చాయి. ఎక్కడో ఎడారి అంచున తవ్వుతున్న చిన్న రోమన్ సైనిక కోట నుంచి. ఈటె మొన, బెల్టు బకిల్, హెల్మెట్ ముక్కలు. హెల్మెట్ నాకే ఇచ్చారు మా బాస్ సుమశ్రీ గారు. ఇది సరిగ్గా చేస్తే ఉద్యోగం పర్మనెంట్, లేకపోతే ఏంటో నేను చెప్పక్కర్లేదు కదమ్మా అన్నారు, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

మార్చి 27, గురువారం

హెల్మెట్ పక్కన వేలాడుతూ చెంపను కాపాడే రేకు ఒక్కటే దొరికింది. మట్టి బరువుకి చదునైపోయింది. ఒక అంచు తిన్నగా ఉంది, ఇంకో అంచులో రెండు వంపులు. అక్కడి కమ్మరి ఎవరో తన పద్ధతిలో చేసుకున్నదట, పుస్తకాల్లో వాటిలా లేదు. ఏది ముందో ఏది వెనకో తవ్వినవాళ్లకే తెలియదు. వంపులు వెనక్కి పెట్టాను. చెవికి చోటు కావాలి కదా! సుమశ్రీ గారు భలే ఉందన్నారు. తవ్వకాలవాళ్లూ ఓకే అన్నారు. హమ్మయ్య.

ఏప్రిల్ 5, శనివారం

డాడీ పట్టుబట్టాడు. మా అమీర్‌పేట చర్చిలో గుడ్ ఫ్రైడే నాటకమంటే రోమన్ సైనికుడు మా డాడీ క్రీస్తుదాసే. ఎర్రమంజిల్‌లో ఓ ఆఫీసుకి సెక్యూరిటీగా చేసి రిటైరయ్యాడు. తన బదులు డ్యూటీకి రిలీవర్ వస్తే తప్ప గేటు వదలని మనిషి, ఆ వేషం ఇంకొకరికి ఇస్తాడా? ప్రతి ఏడూ ప్లాస్టిక్ బకెట్ కోసి హెల్మెట్ చేసుకునేవాడు. ఈసారి నువ్వు ఆఫీసుల చేస్తున్న అసలుదే కావాలె బిడ్డా అన్నాడు.

వాషింగ్ మెషీన్ అట్టపెట్టె దొరికింది. మోడల్ కొలతల ప్రకారమే కత్తిరించి, పైన వెండి కాగితం అంటించాను. చెంప రేకులు రెండు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

రిహార్సల్. డాడీకున్న డైలాగ్ ఒక్కటే. ఎవరక్కడ, ఆగు! రేకులు నోటికి అడ్డొచ్చి ముక్క కూడా బయటికి రాలేదు. పిల్లలు పడీపడీ నవ్వారు. గా సైనికుడు అన్నం ఎట్ల తిన్నడే అని డాడీ నన్ను తిట్టాడు. పాస్టర్ గారు డైలాగ్ వేరేవాళ్లకు ఇద్దామా అనగానే పౌరుషం వచ్చింది. రెండు రేకులూ పీకి, తిరగేసి తగిలించుకున్నాడు. వెండి లోపలికి పోయింది. బయట బోడి అట్ట, ఒక చెంప మీద సామాను తడవనివ్వద్దని పెట్టెల మీద వేసే గొడుగు గుర్తు.

డాడీ, ఉల్టా పెట్టినవ్ అని అరిచాను. ఆయనా అరిచాడు. ఎవరక్కడ, ఆగు! చర్చి దద్దరిల్లింది.

అప్పుడు చూశాను. ఒక వంపు కంటి దగ్గర, ఇంకోటి నోటి దగ్గర. ఎంత చక్కగా కూర్చున్నాయో! కాపలావాడు చూడాలి, కేకేయాలి. ఉల్టా పెట్టింది డాడీ కాదు, నేను.

ఏప్రిల్ 14, సోమవారం

అంబేద్కర్ జయంతి, సెలవు. రేపే తవ్వకాలవాళ్లకి మోడల్ పంపాలి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఛ, అదెలా కుదురుతుంది? సుమశ్రీ గారికి ఫోన్ చేశాను. ఏంటమ్మా జాయ్సీ, రేపు పంపాలనగా ఇవాళా చెప్పేది అన్నారు. రిహార్సల్‌లో తీసిన డాడీ వీడియో పంపాను. కాసేపటికి ఆవిడే చేశారు, నవ్వు ఆపుకోలేక. వెంటనే వచ్చేయ్, ఆఫీసు తాళం నేను తీస్తానన్నారు.

ఏప్రిల్ 15, మంగళవారం

పంపేశాం. వీడియోతో సహా.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

వెండి బయటికి వచ్చేలా సరిచేస్తానంటే డాడీ వినలేదు. మస్తుగ కూసున్నది, ముట్టకు అన్నాడు. గొడుగుతోనే స్టేజీ ఎక్కాడు. ఆ కేకకి వెనక బెంచీలో ఏడుస్తున్న చంటిది ఠక్కున ఆపేసింది. నేను మొదలుపెట్టాను. సంతోషం పట్టలేక.

ఏప్రిల్ 28, సోమవారం

దొరికింది! అదే కోటలో ఇంకో హెల్మెట్, రేకు దానికి అతుక్కునే ఉందట. వంపులు ముందుకే!! నేను పర్మనెంట్!! మెట్రో మెట్ల మీదే ఫోన్ చేసి అరిచాను. జర మెల్లగ, పడతవు అని డాడీ.

మే 30, శుక్రవారం

కోట దగ్గర బోర్డు పెట్టి ఫోటో పంపారు. ఎడారి, కూలిన గోడ, గేటు పక్కన బోర్డు మీద, మా వీడియోలోంచి తీసిన నిలువెత్తు డాడీ. చెంప మీద గొడుగు.

డాడీ చాలాసేపు చూశాడు. రిలీవర్ ఎప్పుడొస్తడు అని అడిగాడు.