వాకిట్లో నాలుగు చుక్కలు

అత్తమ్మా,

నేను తీసే సినిమా షూటింగుకు అద్దె కెమెరా చూసి రావడానికి రామంతాపూర్ పోతున్నాను. సాయంత్రానికి వచ్చేస్తాను. పప్పు ఉడికించి పెట్టాను, పోపు మీరు వేయండి. మీ కొడుకు నాచారంలో డ్యూటీ దిగి రాగానే పెద్ద గొడుగు ఎక్కడ పెట్టాడో అడగండి. కెమెరాకు ఎండ తగలకుండా పట్టాలి. అడిగితే నాకైతే జవాబు చెప్పడు.

ఇంకో మాట. కోపం కాదు. నిన్న వాకిట్లో నేను పెట్టిన నాలుగు చుక్కలు ముగ్గు కోసం కాదు. నటులు ఎక్కడ నిలబడాలో గుర్తు పెట్టుకున్నాను. సుద్దముక్క దొరక్క మీ ముగ్గుపిండి వాడాను, అదే తప్పయింది. పొద్దున చూస్తే వాటి చుట్టూ మీ చుక్కలు కలిపి ఇంత పెద్ద తామరపువ్వు వేసేశారు! అడిగితే, "సుక్కలు పెట్టి ఇడిసిపెడితే ఇంటికి మంచిదా బిడ్డా?" అన్నారు.

తీరా కెమెరా పట్టే కనకరాజన్న వచ్చి చూసి, "గీ ముగ్గు మస్తున్నది చెల్లే! సినిమా గీడికెంచే షురూ జేద్దాం" అన్నాడు. అందుకని ఆదివారం షూటింగు పొద్దున మీరు మళ్లీ అదే ముగ్గు వేయాలి, కెమెరా ముందు.

మీ కోడలు,
యశోద

మరిచాను. అత్త వేషానికి ఒప్పుకున్నావిడ రానని కబురు పంపింది. ఎలాగూ ముగ్గు వేస్తున్నారు కదా, ఆ వేషం కూడా మీరే వేసేయండి. కోడలి మీద గట్టిగా అరవాలి. అదొక్కటే మీకు రాదు. నేను నేర్పిస్తాను.