తెర వెనుక రాసిన పేరు

కరక్ కొండలు,
డిసెంబరు, 1989

నా కంటివెలుగు హైఫాకు,

నాన్న సలాములు. అల్లా దయవల్ల ఇక్కడ అందరం కులాసా. మొదటి వాన పడింది, ఆలివ్ కాయలు దించేశాం, మీ అమ్మ మోకాళ్ల నొప్పి తప్ప ఇంట్లో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. డమాస్కస్‌లో చలి కొరుకుతోందని రాశావు. ఉన్ని శాలువా, ఎండు పెరుగు ఉండలు టాక్సీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాం. హాస్టల్లో అందరికీ పంచేసి నువ్వు పస్తుండవద్దని అమ్మ మరీ మరీ రాయమంది. చెల్లెళ్లిద్దరూ చక్కగా చదువుతున్నారు. చిన్నది మాత్రం లెక్కల్లో అచ్చం నా పోలికే, దాన్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.

నీ ఉత్తరంలో కబుర్లకంటే ప్రశ్నలే ఎక్కువ. లా చదివే పిల్లకు తండ్రినైనందుకు ఇది తప్పదు. తీరిగ్గా జవాబులు రాస్తాను, నువ్వూ తీరిగ్గా చదువు.

నేను ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డానని అడిగావు. నిలబడలేదమ్మా, నిలబెట్టారు. ఏప్రిల్లో ధరలు మండిపోయి కుర్రాళ్లు రోడ్లమీదికి రావడం, పోలీసులు ఇళ్లమీద పడటం నీకు తెలిసిందే. ఆ తర్వాతే కదా రాజుగారు ఎన్నికలు పెడతామన్నారు! నువ్వు పుట్టాక ఈ దేశంలో ఇలాంటి ఎన్నిక జరగలేదు. ఓటంటే ఎలా ఉంటుందో మా తరమే మరిచిపోయింది. మన తెగ వాళ్లంతా అతిథిశాలలో కూర్చున్నారు. మీ బాబాయి మిత్కాల్ తనే నిలబడాలన్నాడు. సగంమంది మిత్కాల్ తప్ప ఎవరైనా ఫరవాలేదన్నారు. చివరికి అందరి చూపులూ నామీద పడ్డాయి. ముప్పై ఏళ్లుగా తగవులు తీరుస్తూ, పెళ్లిళ్లు కుదురుస్తూ, ఎవరితోనూ పేచీ లేకుండా బతికినవాణ్ణి. నావల్ల ఎవరికీ భయం లేదు. అదే నా అర్హత.

పోస్టరు దగ్గరే మొదటి గొడవ వచ్చింది. ఫొటోలో నేను పన్నునొప్పి వచ్చినవాడిలా ఉన్నానని మీ అమ్మ నవ్వింది. మిత్కాల్‌కు మాత్రం పేరు నచ్చలేదు.

"అన్నా, 'అబూ హైఫా' అని వేస్తే జనం నవ్వుతారు. హైఫా నాన్న అట! కూతురి పేరుతో పిలిపించుకునే నాయకుడెక్కడైనా ఉన్నాడా? 'అబూ నాయిఫ్' అని వేద్దాం."

"నాయిఫ్ ఎవడ్రా?"

"కొడుకు పుట్టుంటే ఆ పేరే పెట్టేవాడివిగా!"

"పుట్టనివాడి తండ్రిగా గెలిచేకంటే పుట్టినదాని తండ్రిగా ఓడిపోవడం నయం" అన్నాను. పేరు అలాగే ఉంచారు.

ఇక నీ రెండో ప్రశ్న. అమ్మ ఏమందని కదా? ఆమె అన్నదాంతోనే కథంతా మొదలైంది. ఒక మధ్యాహ్నం ప్రచార గుడారంలో వందమందికి మన్సఫ్, అదే మన పెరుగు మాంసం అన్నం, వడ్డించి, గొంతు బొంగురుపోయేలా మాట్లాడి ఇంటికొచ్చాను. ఆమె పప్పులో రాళ్లు ఏరుతోంది.

"అబూ హైఫా, నాకో సంగతి చెప్పు. పార్లమెంటులో కప్పు ఎక్కడ పెడతావు?"

"కప్పేంటే?"

"కాఫీ కప్పు. ఎవరింటికెళ్లినా కాఫీ తాగకుండా కింద పెడతావు. ఆ ఇంటాయన 'నీ పని అయినట్టే, తాగు షేక్' అన్నాకే ముట్టుకుంటావు. ఊళ్లో పనులన్నీ అలాగే చేయించావు. మరి అక్కడ మంత్రి ముందు లేచి నిలబడి, అందరూ వింటుండగా 'ఇది ఎందుకు చేశారు?' అని అడగాలట కదా. అడుగుతావా? లేకపోతే అక్కడా కప్పు కింద పెట్టి కూర్చుంటావా?"

"ఆడవాళ్లకు ఇవన్నీ ఎవరు చెప్తున్నారు?" అని విసుక్కున్నాను. ఆమె రాళ్లు ఏరుకుంటూనే ఉంది. ఆ ప్రశ్న మాత్రం చెప్పులో ముల్లులా నన్ను వదల్లేదు.

మన వీధి చివర ఉమ్ ముస్లిహ్ గుర్తుందిగా, భర్త పోయినామె? ఏప్రిల్లో ఆమె కొడుకు ముస్లిహ్‌ను పోలీసులు పట్టుకుపోయి, వదిలేశాక పాస్‌పోర్టు తీసేసుకున్నారు. పాపం, వాడికి ఖతార్‌లో ఉద్యోగం ఎదురుచూస్తోంది. కారణం ఎవరూ చెప్పలేదు. నేను అంగీ వేసుకుని ఒక పెద్ద అధికారి ఇంటికి వెళ్లి, అలవాటు ప్రకారం కప్పు కింద పెట్టాను. ఆయన నవ్వాడు. "తాగండి షేక్. మీ మాట కాదంటానా? ఒక్కటి మాత్రం చెప్తాను. గెలిచాక మీలాంటి పెద్దమనుషులు నిదానంగా ఉండాలి. ఆ మాస్టారిలా అరవకూడదు" అన్నాడు. కాఫీ తాగాను. పాస్‌పోర్టు వచ్చింది.

దాన్ని తీసుకెళ్లి స్వయంగా ఉమ్ ముస్లిహ్ చేతిలో పెట్టాను. ఆమె నా భుజాన్ని ముద్దు పెట్టుకుని ఏడ్చింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కళ్లు తుడుచుకుని అంది: "అల్లా నిన్ను చల్లగా చూడాలి నాయనా. మావాడితోపాటు మరో పదకొండుమంది పాస్‌పోర్టులు తీసుకున్నారు. వాళ్ల అమ్మలకు ఏ షేక్ ఉన్నాడు?"

ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచన. నేను చేసింది మంచిపనేనా, లేక ఆ తలుపు మూసి ఉండటానికి నేనూ ఒక గడియనా?

అధికారి చెప్పిన మాస్టారు నీకూ తెలుసు. యఅరుబ్. హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు, ఏవో రాతలు రాశాడని ఉద్యోగం తీసేశారు. చిన్న కుటుంబం, వెనక తెగ లేదు. జిల్లాకు ఉన్న సీట్లలో చివరిది అతనికో నాకో అని అప్పటికే ఊరంతా అనుకుంటోంది. అతనిలో ఏముందో చూడాలనిపించింది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, వెంట ఎవరినీ తీసుకోకుండా వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన అతని భార్య నన్ను చూసి తెల్లబోయింది.

"మా ఆయన్ని తప్పుకోమనడానికి వచ్చారా?"

"లేదమ్మా. అతను గెలిస్తే ఏం అడుగుతాడో తెలుసుకుందామని వచ్చాను."

యఅరుబ్ సేజ్ ఆకు వేసిన టీ తెచ్చాడు. "షేక్, పాస్‌పోర్టులు ఇవ్వమని నేను అడగను" అన్నాడు.

"మరి?"

"ఎందుకు తీసుకున్నారని అడుగుతాను. ఇరవై రెండేళ్ల కిందటి జూన్ యుద్ధం నాటి సైనిక చట్టం ఇంకా నడుస్తోంది. అది ఉన్నంతకాలం ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. దాన్ని ఎత్తేయమంటాను. అది పోతే, పాపం మీకూ ఇంతమంది ఇళ్లలో ఇంత కాఫీ తాగే బాధ తప్పుతుంది."

నవ్వు వచ్చింది. అయినా గట్టిగానే అడిగాను, "నువ్వు రాజుగారికి వ్యతిరేకివా?"

"ఆయనే కదా షేక్, వచ్చి మాట్లాడమని పిలిచింది! విందుకు పిలిచినాయన ఇంట్లో నోరు కట్టుకు కూర్చుంటే ఎవరికి అవమానం?"

చీకటి పడకముందే వచ్చేశాను. ఎక్కడికి వెళ్లావని మిత్కాల్ అడిగితే గొర్రెల బేరానికని చెప్పాను.

ఓట్ల రోజు సందడి నువ్వు చూసి తీరాల్సింది. మగవాళ్లకు అబ్బాయిల బడి, ఆడవాళ్లకు అమ్మాయిల బడి. చదువొచ్చినవాళ్లు తెర వెనక్కి వెళ్లి, ఎన్ని సీట్లుంటే అన్ని పేర్లదాకా రాయొచ్చు. మీ నానమ్మ పండగ దుస్తులు వేసుకుంది. చదువు రానివాళ్లు అధికారికి పేర్లు చెవిలో చెప్పాలి కదా, ఆవిడ ఆ చెవిలో ఎంత గట్టిగా చెప్పిందంటే వరండాలో ఉన్నవాళ్లందరికీ వినిపించింది! నా పేరే, సంతోషం.

మర్నాడు పొద్దున్నకు తేలిపోయింది, ఓడిపోయాను. చివరి సీటు యఅరుబ్‌ది. తేడా ఎంతనుకున్నావు? ఒక పెళ్లి బస్సులో పట్టేంతమంది. మగవాళ్ల పెట్టెలో నేనే ముందున్నాను, ఆడవాళ్ల పెట్టె దగ్గరే వెనకబడ్డాను.

అతిథిశాలలో మిత్కాల్ నిప్పులు చెరిగాడు. "మన ఆడవాళ్లే ద్రోహం చేశారు! తెగ పరువు తీశారు! ఒక్కొక్కర్తినీ పిలిచి ఖురాన్ మీద ప్రమాణం చేయిద్దాం." అప్పుడే వాడి కొడుకు లేచాడు. ఆ కుర్రాడి భార్య నుహా తెలుసుగా, పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఓట్ల ముందు ఆమె మాస్టారిని మెచ్చుకుంటుంటే ఎవరో విన్నారట. "నా ఇంట్లోనే ఉంది ఆ ద్రోహి. ప్రమాణం చేయకపోతే రేపే పుట్టింటికి పంపించేస్తా, మళ్లీ తీసుకురాను" అన్నాడు. పెద్దలు తలలూపుతున్నారు. నా చేతిలో కప్పు చల్లారిపోయింది.

హైఫా, నీకు ఇంతవరకు రాయనిది ఇక్కడ రాయాలి. మీ అమ్మకు కూడా ఆ రోజు దాకా తెలియదు.

లేచి నిలబడ్డాను. "ఆ పిల్లను వదిలెయ్. ప్రమాణం ముందు నాచేత చేయించండి. తెర వెనక్కి వెళ్లి నేను నా పేరు రాయలేదు. యఅరుబ్ పేరు రాశాను" అన్నాను.

కాఫీ పోసేవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మిత్కాల్ మొదట పకపకా నవ్వాడు. తర్వాత నా మొహం చూశాడు. "మేం నీకోసం గొర్రెలు కోశామన్నా!" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. అదే నన్ను కోసింది. ఇద్దరి పేర్లూ రాయొచ్చుగా అని నువ్వు అడుగుతావు. రాయొచ్చు. కానీ సీటు ఒక్కటే మిగిలినప్పుడు ఇద్దరికీ వేయడమంటే మళ్లీ కప్పు కింద పెట్టి కూర్చోవడమే. మరి పోటీ నుంచి తప్పుకోలేదేమంటావా? అంత ధైర్యం లేకపోయింది తల్లీ. తెర వెనుక ఉన్నంత ధైర్యం తెర బయట లేదు.

ఆ పిల్ల మాత్రం గట్టెక్కింది. షేకే తనకు ఓటు వేసుకోకపోతే ఆడవాళ్లను ఏ మొహంతో అడుగుతామని ఒక ముసలాయన గొణిగాడు, సభ చెదిరిపోయింది. నాకు దక్కాల్సింది నాకు దక్కింది. మిత్కాల్ మాట్లాడటం మానేశాడు. తగవులు తీర్చడానికి ఇప్పుడు నన్ను పిలవడం లేదు. మొన్న పెళ్లిలో రెండో వరసలో కూర్చోబెట్టారు. అక్కడినుంచి మన్సఫ్ పళ్లెం చాలా దూరం!

ఇంకో కబురు. కొత్త మంత్రివర్గం మీద పార్లమెంటులో జరిగే చర్చను టీవీలో చూపిస్తున్నారు. యఅరుబ్ వంతు వచ్చిన సాయంత్రం అతిథిశాలలో కూర్చోవడానికి చోటు లేదు. అతను లేచాడు. సైనిక చట్టం గురించి అడిగి, మన పిల్లల పాస్‌పోర్టుల దగ్గరికి వచ్చి, "తీసుకున్నవాళ్లు కారణం చెప్పాలి" అన్నాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. మూలనుంచి మిత్కాల్, నావైపు చూడకుండానే, "గొంతు బాగానే ఉంది వీడిది" అన్నాడు.

రాజుగారు నిజంగా ఇచ్చారా, ఆడుకోమని ఇచ్చారా అని కదా నీ చివరి ప్రశ్న? నాకు తెలియదు. గుర్రం ఎక్కించారు, పగ్గం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. పాస్‌పోర్టులూ ఇంకా రాలేదు. కానీ ఎక్కినవాడికి ఊరు కొత్తగా కనిపిస్తోంది, నాకు మరీను.

అన్నిటికంటే ముఖ్యమైనది మిగిలిపోయింది. నేను ఒప్పుకున్న మర్నాడు మీ అమ్మ రొట్టెలు కాలుస్తుంటే దగ్గర కూర్చుని, "మరి నువ్వు ఎవరి పేరు రాశావు?" అని అడిగాను.

"నాకు చదువొచ్చు. ఎవరి చెవిలోనూ చెప్పలేదు."

"మొగుణ్ణే! నాక్కూడా చెప్పవా?"

"చెప్పడానికైతే ఆ తెర ఎందుకు కట్టారు?" అంది, రొట్టె తిరగేస్తూ.

పెళ్లయి పాతికేళ్లు దాటింది. ఆమె మనసులో ఏముందో ఇంతగా తెలుసుకోవాలనిపించడం నాకు ఇదే మొదటిసారి. సెలవుల్లో వచ్చినప్పుడు నువ్వు అడిగి చూడు. నీకు చెబితే నాకు చెప్పకు.

ఇట్లు,
నీ క్షేమం కోరే నాన్న,
అవ్వాద్