ఇరవై ఎనిమిది ఆకుపచ్చ చుక్కలు

జూన్ 3, మంగళవారం

మళ్ళీ ఫోటోలే. పొద్దున్నుంచి మదీనాగూడ సందుల్లో పదకొండు ట్రాన్స్‌ఫార్మర్లు. ప్రతి చోటా అదే తంతు — ఫ్యూజుల పెట్టె తలుపు తీయి, మా నమూనా డబ్బా లోపల బిగించు, లైన్‌మన్ యాదగిరిని పక్కన నిలబెట్టు, లొకేషన్ పడేలా ఫోటో తీయి, డబ్బా విప్పు, స్కూటీ మీద పెట్టుకుని పక్క వీధికి పద.

నలభై డబ్బాలు పెడతామని కేంద్రం దగ్గర గ్రాంటు తీసుకున్నాం. తయారై బిగించినవి పన్నెండు. మిగతా ఇరవై ఎనిమిదింటి చిప్పులు ఇంకా ఓడలోనే ఉన్నాయట. గడువు ఈ నెలాఖరు. గ్రాంటు పోర్టల్‌కి కావాల్సింది నలభై ఫోటోలు, డబ్బాలు కాదు.

"ఫోటోలు అయిపోనివ్వండి శిరీష గారూ. సరుకు రాగానే మనమే పెట్టేస్తాం కదండీ." కిషోర్. కంపెనీ ఓనరు. ఎంత తప్పుడు పనికైనా చివర ఒక 'అండీ' తగిలిస్తే చాలనుకుంటాడు. అనుకోవడమేమిటి, చాల్తోంది. నేను వెళ్ళానుగా.

యాదగిరి కవర్లో మూడు చొక్కాలు తెచ్చుకున్నాడు. "అన్నిట్ల ఒక్కటే అంగీ అయితే ఏం బాగుంటది మేడం?" ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె వెనక్కి వెళ్ళి మార్చుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి, పెళ్ళిచూపులకి వచ్చినట్టు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

డబ్బా విప్పాక ఫోన్లో యాప్ చూపించాను. "బూడిద చుక్క ఉందంటే ఇక్కడ డబ్బా లేనట్టు." "మల్ల వెడ్తరు గద?" "పెడతాం యాదగిరన్నా."

ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట.

జూన్ 5, గురువారం

ఈ డబ్బా నాది. కాగితాల మీద కిషోర్ పేరు ముందుంది, అది వేరే సంగతి.

స్తంభం పైన మనిషి పని చేస్తుంటే లైన్ ఆపుతారు. కానీ కింద ఏదో అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ వేస్తారు, ఇంకో ఇంట్లో సోలార్‌కి, ఇన్వర్టర్‌కి అడ్డదిడ్డంగా వైర్లు కలిపి ఉంటారు. ఆ కరెంటు వెనక్కి వస్తుంది. లైన్ ఆపేశారు కదా అని చేయి వేసినవాడు పోతాడు. దాన్ని పసిగట్టి లైన్‌మన్ ఫోన్‌కి చెప్పడమే డబ్బా పని. ఎరుపు — ముట్టుకోకు. ఆకుపచ్చ — వెనక్కి ఏమీ రావట్లేదు. బూడిద — నాకు తెలియదు.

ఇంటింటి మీదా సోలార్ వస్తోంది, మంచిదే, ఆ కరెంటు మోసే లైన్ల మీద ఎక్కే మనుషుల సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి... గ్రాంటు దరఖాస్తులో ఆ వాక్యం నేనే రాశాను. నమ్మి రాశాను.

నాలుగేళ్ళ పని. ఇప్పుడు దాన్ని స్కూటీ మీద ఊరేగిస్తున్నాను.

జూన్ 9, సోమవారం

రేపు ఢిల్లీ నుంచి అధికారులు వస్తున్నారు. పెద్ద తెర మీద మ్యాప్ పెట్టాలట. నలభై చుక్కలూ ఆకుపచ్చగా ఉండాలట.

"ఉన్నవి పన్నెండే కదా" అన్నాను. "ఆ బూడిద చుక్కలు చూస్తే వాళ్ళకి బాగోదండీ. ఒక్కరోజుకే కదండీ."

ఇరవై నిమిషాల పని. డబ్బా ఉన్నా లేకపోయినా అన్నిటికీ ఆకుపచ్చే. రాసి ఇచ్చాను. దానికి 'డెమో మోడ్' అని పేరు కూడా పెట్టాను. పేరు పెడితే అబద్ధం కాకుండా పోతుందనా? ఏమో. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జూన్ 10, మంగళవారం

చప్పట్లు. శాలువాలు. సమోసాలు. "వెరీ ఇంప్రెసివ్" అన్నాడు వచ్చినాయన. తెర మీద నలభై చుక్కలు.

సాయంత్రం ఆపేద్దామన్నాను. "రిపోర్టు వెళ్ళేదాకా ఉండనివ్వండి. మధ్యలో ఎవరైనా లాగిన్ అయి చూస్తే?"

ఉండనిచ్చాను. ఇంటికొచ్చి పడుకున్నాను.

జూన్ 12, గురువారం

గాలివాన. మా మూసాపేట అంతా చీకటి. అక్క కొవ్వొత్తి వెతుకుతూ నన్ను తిడుతోంది — "కరెంటు ఇంజనీరంట, ఇంట్లో ఒక్క టార్చి లైటు లేదు."

జూన్ 13, శుక్రవారం

వరసగా రాయాలి.

పదకొండుకి ఫోన్. యాదగిరి పేరు, గొంతు ఆడమనిషిది. అతని భార్య సత్తెమ్మ. "మేడం, మా ఆయనకు కరెంట్ కొట్టింది. దవాఖానల ఉన్నడు. మీ పేరే జెప్తుండు."

నిన్నటి గాలికి తెగిన జంపర్ వైరు వేయడానికి మదీనాగూడ స్కూలు వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కాడు. లైన్ ఆపించాడు. పక్క అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ నడుస్తోంది. కుడి చేయి కాలింది. కింద టీ కొట్టు రేకు మీద పడ్డాడు, అందుకే మనిషి మిగిలాడు.

స్కూలు వెనకది. అక్కడ నీలం చొక్కాతో దిగాడు ఫోటో. ఫోటో దిగాక నేనే విప్పాను డబ్బా.

మంచం మీద కళ్ళు తెరిచి నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బూడిదుంటే డబ్బా లేనట్టని నువ్వే జెప్తివి గద మేడం. మొన్న సూస్తే పచ్చగైంది. వెట్టిన్రనుకున్న."

తెర మీద చూపించడానికని రాశాను. లైన్‌మన్ల ఫోన్లకి వెళ్ళేదీ అదే సర్వర్. నాకు తెలుసు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తెలిసి కూడా అతను గుర్తు రాలేదు. వచ్చే అధికారులు గుర్తున్నారు, రిపోర్టు గుర్తుంది, ఎక్కే మనిషి గుర్తు లేడు.

ఆసుపత్రి వరండాలోనే నిలబడి ఫోన్లోంచి డెమో మోడ్ ఆపేశాను. ఇరవై ఎనిమిదీ బూడిద అయ్యాయి.

ఛీ. నా బతుకు.

జూన్ 14, శనివారం

రెండు వేళ్ళు తీసేశారు.

జూన్ 16, సోమవారం

ఆసుపత్రికి వెళ్ళాను. సత్తెమ్మ బయట కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టింది. నాకు!

లోపల యాదగిరి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంజనీరు ఏఈ సార్ వచ్చిండు. రాడ్లు ఏసినవా అని అడిగిండు. ఏసిన సార్, కాలు జారి పక్క లైన్‌కు చెయ్యి తగిలిందన్న."

ఎక్కేముందు లైన్‌కి ఎర్త్ రాడ్లు తగిలించాలి. వెనక్కి వచ్చే కరెంటు నేలలోకి పోతుంది. ముప్పై ఏళ్ళుగా ఒక్కరోజు మానలేదట. ఆ రోజు మానాడు. "ఫోన్ల పచ్చగ ఉండె. వాన మొదలైంది. రాడ్లు బండి మీదనే ఇడిసిపెట్టిన."

అతను మానింది నా చుక్కని నమ్మి.

"నువ్వు ఎవ్వలకు జెప్పకు బిడ్డా. రాడ్లు ఎయ్యలేదని తెలిస్తే నౌకరి వోతది. నేను ఆర్టిజన్‌ని, పర్మినెంటు గాదు, నాకెవ్వలు దిక్కు? ఇంగ ఆరేండ్లుంది."

మేడం పోయి బిడ్డ అయింది. చెప్పనన్నాను. ఎడం చేత్తో నా తల మీద తట్టాడు.

వచ్చేముందు మంచం మీద పడున్న అతని ఫోన్ తీసి ఊరికే యాప్ తెరిచాను. నలభై చుక్కలు. నలభైకి నలభై ఆకుపచ్చ.

శుక్రవారం నేను ఆపిందాన్ని మళ్ళీ పెట్టారు.

జూన్ 17, మంగళవారం

అరిచాను. ఆఫీసంతా తలలెత్తి చూసింది, చూడనీ. కిషోర్ తన గాజు గది తలుపు మూయమన్నాడు, మూయలేదు.

"మనిషి వేళ్ళు పోయాయి కిషోర్ గారూ! మళ్ళీ ఎందుకు పెట్టారు?"

"రేపు తనిఖీ ఉందండీ. రెండు రోజులు. అయినా వాళ్ళకి రూల్స్ ఉంటాయి కదండీ, రాడ్లు వేసుకోవాలి కదండీ? యాప్‌నే నమ్ముకోమని మనమేం చెప్పలేదు కదా."

ఆ మనిషి రాడ్లు వేయలేదని ఇతనికెలా తెలుసు? తెలియదు. ఊహించి అంటున్నాడు. అవసరమైతే ఆ మాటే బయట కూడా అంటాడు.

తరవాత కాగితం ముందుకు తోశాడు. నలభై చోట్లా డబ్బాలు పెట్టాం, పనిచేస్తున్నాయి అని సర్టిఫికెట్. కింద నా పేరు, నా పేరు కింద గీత. అది చాలదన్నట్టు — "ఆయన ఫోటో ఒకటి తీసుకురాగలరా? చేతి కట్టుతో. గ్రాంటు రెండో దశ దరఖాస్తులో పెడదాం. ఇలాంటివి జరగకుండా ఉండాలంటే మన పరికరం ఎంత అవసరమో బాగా తెలుస్తుంది వాళ్ళకి."

కాగితం నాలుగు ముక్కలు చేశాను. చేయి లేచింది కూడా, ఎందుకు దించానో ఇప్పటికీ తెలియదు.

"పర్లేదండీ, ఇంకో ప్రింటు తీస్తాం. వేరేవాళ్ళు పెడతారు సంతకం."

చిరునవ్వు. ఆ 'అండీ' లాంటిదే.

జూన్ 18, బుధవారం

పొద్దున నా లాగిన్ పనిచేయలేదు. నేను కట్టిన సిస్టంలోకి నాకే దారి లేదు. "కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోండి" అని మెయిల్.

అక్కతో చెప్పాను. "ఏమే, లోకమంతా చేసేదే కదా. నువ్వొక్కదానివే నిజాన్ని నెత్తిన పెట్టుకోని తిరుగుతాండావా? ఫోటోలు తీసినప్పుడు యాడికి పోయింది ఈ కోపం?"

చివరి మాట నిజం. అందుకే ఇంకా మండింది. అన్నం తినలేదు.

జూన్ 19, గురువారం

గ్రాంటు ఇచ్చిన ఆఫీసుకి మెయిల్ రాశాను. ఉన్నవి పన్నెండే అని. 'మీ ఫిర్యాదు అందినది' అని ఆటోమేటిక్ జవాబు. అది ఎవరి టేబుల్ మీదకి ఎప్పుడు చేరుతుందో.

ఈ లోపల వానలు. రోజూ ఎవరో ఒకరు ఎక్కుతారు. ఫోన్ చూసుకుంటారు. పచ్చగా ఉంటుంది.

జూన్ 20, శుక్రవారం

తనిఖీ అయిపోయినా చుక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయట. యాప్ నా చేతిలో లేకపోతే కాగితం ఉంది. డబ్బా లేని ఇరవై ఎనిమిది ట్రాన్స్‌ఫార్మర్ల నంబర్లు చేత్తో రాయడం మొదలుపెట్టాను. పైన పెద్దక్షరాలు — 'ఇక్కడ డబ్బా లేదు. యాప్‌లో ఆకుపచ్చ నమ్మవద్దు. రాడ్లు వేయండి.' కరెంటు సెక్షన్ ఆఫీసులో పొద్దున్నే లైన్‌మన్లందరూ పోగవుతారు, తలా ఒకటి ఇస్తే సరి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పదిహేడో వరసకి వచ్చి ఆగిపోయాను.

స్కూలు వెనకది. అది రాస్తే చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది — అక్కడ డబ్బా లేదు, ఫోన్లో పచ్చగా ఉంది, అది చూసి యాదగిరి రాడ్లు లేకుండా ఎక్కాడు. మధ్యాహ్నానికి ఏఈ టేబుల్ మీద ఉంటుంది. చెప్పనని అతనికి మాటిచ్చాను.

రాయకపోతే? జంపర్ పని సగంలోనే ఉంది. తాత్కాలికంగా ఏదో కట్టారట. మళ్ళీ ఎవరో ఎక్కాలి.

ఇరవై ఏడు రాసి, పదిహేడు ఖాళీ వదిలి జిరాక్స్ తీయించాను. పిరికిదాన్ని. కిషోర్ ఇరవై ఎనిమిది అబద్ధాలాడాడు, నేను ఒకటి. లెక్కలో తేడా అంతే. అతన్ని తిట్టుకుంటే కాస్త ఊపిరాడుతుంది, కానీ ఆ ఖాళీ అతను వదిలింది కాదు.

జూన్ 21, శనివారం

ఎనిమిదికి పది తక్కువ. సెక్షన్ ఆఫీసు బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఒళ్ళో జిరాక్సులు. లైన్‌మన్లు ఒక్కొక్కరే వస్తున్నారు. కొందరు ముఖం గుర్తుపట్టి "నమస్తే మేడం, మల్ల ఫోటోలా?" అంటున్నారు. నవ్వుతున్నారు. చచ్చిపోవాలనిపిస్తోంది.

యాదగిరి వచ్చాడు. సెలవు కాగితం ఇవ్వడానికట. మెడలో గుడ్డ, గుడ్డలో చేయి. నన్ను చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. తరవాత మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఒక కాగితం ఎడం చేత్తో తీసుకున్నాడు. పైది చదివాడు. బొటనవేలు నంబర్ల మీదుగా కిందికి వెళ్ళింది, ఖాళీ దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"చెప్పనని మాటిచ్చాను యాదగిరన్నా" అన్నాను.

కాగితం నా ఒళ్ళో పెట్టేశాడు. "గా స్కూలు ఎన్క దానికి ఇయ్యాల మల్లేశ్ పోతుండు" అన్నాడు. నా వైపు చూడలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

రాయమన్నాడా? వద్దన్నాడా? ఆ మనిషి వేళ్ళు తీసుకున్నది చాలక ఈ ముడి కూడా అతని చేతే విప్పించుకోవాలా నేను? మాదాపూర్‌లో మా ఆఫీసులో ఈపాటికి కాఫీ తాగుతూ ఉంటాడు ఒకడు, వేరే ఎవరి చేతో సంతకం పెట్టించుకుని. వాడికి ఇక్కడ ఎవరి పేరూ తెలియదు.

మల్లేశ్ ఎవరో తెలిసింది. వాకిట్లో నిచ్చెన బండికి ఎక్కిస్తున్నాడు. ఒక చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు.